స్మార్ట్‌ఫోన్ కొంటే రోజువారీ డేటా ప్యాక్ తప్పదా? (అమ్మ కోసం అడుగుతున్నాను)

గుండ్లకమ్మ
2025 ఫిబ్రవరి 8, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మ అద్దంకి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఇన్నేళ్లూ కీప్యాడ్ ఫోనే వాడింది. ఇప్పుడు దాని బటన్లు అరిగిపోయి, 5 నొక్కితే ఒక్కోసారి పడదు, ఒక్కోసారి రెండుసార్లు పడుతుంది. మనవరాలిని వీడియోలో చూసుకోవాలని కూడా ఆవిడకి ఉంది. ఎనిమిది తొమ్మిది వేలలో ఒక స్మార్ట్‌ఫోన్ కొందామని మా బావమరిదిని టౌన్లో ఒక షాపుకి పంపాను.

షాపతను ఫోను చూపించి, దీనికి 28 రోజులకి 299 ప్యాక్ వేయాల్సిందే అన్నాడట. చిన్న ప్యాకులు కీప్యాడ్ ఫోన్లకే పనిచేస్తాయట, స్మార్ట్‌ఫోన్‌లో నెట్ ఆపేస్తే కాల్స్ కూడా వెళ్లవట. రోజుకి ఒకటిన్నర జీబీతో అమ్మ ఏం చేసుకుంటుంది? ఆదివారం ఒక వీడియో కాల్, మిగతా రోజుల్లో నాకూ, అక్కకీ, పాలు పోసే ఆమెకీ ఫోన్లు. అంతే. ఇంట్లో వైఫై లేదు.

స్మార్ట్‌ఫోన్‌కి డేటా ప్యాక్ నిజంగా తప్పనిసరా? తెలిసినవాళ్లు చెప్పండి.


వేపచెట్టు
2025 ఫిబ్రవరి 8, రాత్రి 9:31

తప్పనిసరి కాదండీ. ప్యాక్ సిమ్ముకి వేస్తాం, ఫోనుకి కాదు. అదే సిమ్ము తీసి ఏ ఫోన్లో పెట్టినా అదే ప్యాక్ నడుస్తుంది. కాకపోతే జియో అమ్మే జియోభారత్ కీప్యాడ్ ఫోను లాంటి కొన్నిటికి మాత్రం విడిగా తక్కువ ధర ప్యాకులు ఉన్నాయి, 28 రోజులకి 123 అలాంటిదే. అవి ఆ ఫోన్లలోనే పనిచేస్తాయి. షాపతను దాన్నీ దీన్నీ కలిపేసి ఉంటాడు.

అమ్మగారి ఊళ్లో ఏ సిగ్నల్ బాగుంటుంది? ముందు అది చెప్పండి.


టవర్ మనిషి
2025 ఫిబ్రవరి 8, రాత్రి 10:05

నెట్ ఆపేస్తే కాల్స్ వెళ్లవు అనే మాట పల్లెల్లో చాలామంది నోట వింటూ ఉంటాను. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. జియోకి 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదే వెళ్తుంది, దాన్నే వోల్టీ అంటాం. 2016లో జియో మొదలైనప్పుడు చాలా ఫోన్లలో వోల్టీ లేదు. వాటిలో జియో4జీవాయిస్ అనే యాప్ వేసుకుని మాట్లాడాల్సి వచ్చేది. ఆ యాప్‌కి మొబైల్ డేటా ఆన్‌లో ఉండాలి. అప్పటి అలవాటు కొద్దీ షాపుల్లో ఇప్పటికీ అదే చెప్తున్నారు.

ఇవాళ మార్కెట్లో దొరికే ఏ 4జీ ఫోన్లోనైనా వోల్టీ ఫోనులోనే ఉంటుంది. మొబైల్ డేటా బటన్ ఆపేసినా కాల్ వస్తుంది, వెళ్తుంది. టవర్‌కీ ఫోనుకీ మధ్య మాట కోసం దారి వేరు, మనం వాడే ఇంటర్నెట్‌కి దారి వేరు. మాట్లాడితే డేటా ప్యాక్‌లోంచి ఏమీ తగ్గదు.

నమ్మకం లేకపోతే ఇప్పుడే మీ ఫోన్లో డేటా ఆపి ఎవరికైనా కాల్ చేసి చూడండి.


గుండ్లకమ్మ
2025 ఫిబ్రవరి 8, రాత్రి 10:22

చూశానండీ. డేటా ఆపి అక్కకి చేశాను, శుభ్రంగా వెళ్లింది. చాలా థాంక్స్.

వేపచెట్టు గారూ, ఊళ్లో జియో, ఎయిర్‌టెల్ రెండూ వస్తాయి. అమ్మ సిమ్ జియో. ఇప్పుడు నా సందేహం ఏ ప్యాక్ వేయాలి అని. కాల్స్ మాత్రమే ఉండే ప్యాకులు కొత్తగా వచ్చాయని పేపర్లో చదివాను.


ఓరుగల్లు రీచార్జ్
2025 ఫిబ్రవరి 9, ఉదయం 7:48

అన్నా, నాది హన్మకొండలో చిన్న రీచార్జ్ షాపు. షాపుల తరఫున ఒక మాట చెప్తా.

పెద్ద ప్యాక్ వేస్తే మాకు నాలుగు పైసలు ఎక్కువ మిగుల్తయి, అది నిజమే. కానీ అసలు ఇబ్బంది అది కాదు. పొద్దంతా వచ్చేటోళ్లలో సగం మంది “ఎప్పుడు వేసేదే వెయ్యి” అంటరు. ఎప్పుడు వేసేది ఏందో వాళ్లకి తెల్వదు, పోయిన నెల ఎంత అయిందో అదే గుర్తు. యాప్ తెరిస్తే ముందు వరసలో కనపడేవన్నీ రోజువారీ డేటా ప్యాకులే. చిన్నవి కావాలంటే కిందికి జరుపుకుంటూ పోవాలె. మా దగ్గర పనిచేసే పిల్లగాడికి కూడా అవి ఉన్నట్టు తెల్వదు, నేను చెప్పేదాక.

జియోలో 189 అని ఉంది. 28 రోజులు, కాల్స్ ఎంతైనా, మొత్తం 2 జీబీ, 300 మెసేజ్‌లు. జనవరిలో కాల్స్-ఓన్లీ ప్యాకులు వచ్చినప్పుడు దాన్ని తీసేసిండ్రు, మళ్లీ పెట్టిండ్రు. అమ్మకి వారానికి ఒక వీడియో కాల్ అంటే నేనైతే అదే వేస్త.


పెన్నా ఒడ్డు
2025 ఫిబ్రవరి 9, ఉదయం 10:15

ఈ కాల్స్-ఓన్లీ ప్యాకుల కథ నేను మొదటి నుంచీ చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నిడివి ఎక్కువైతే ఏమనుకోకండి.

ముందు వెనక్కి వెళ్దాం. నంబరు బతికి ఉంటే చాలు అనుకునేవాళ్లకి ఎయిర్‌టెల్‌లో 79 రూపాయల ప్యాక్ ఉండేది. 2021 నవంబర్‌లో అది 99 అయింది. 2023 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో (తెలంగాణ కూడా టెలికాం లెక్కలో ఇంకా ఇదే సర్కిల్) ఆ 99 పోయి కనీసం 155 అయింది. అందులో 1 జీబీ డేటా కలిపారు, గడువేమో 24 రోజులే. 2024 జూలైలో అన్ని కంపెనీలూ రేట్లు పెంచాక 28 రోజుల చిన్న ప్యాక్ ఎయిర్‌టెల్‌లో 199, జియోలో 189 అయ్యాయి. 79 ఇచ్చిన మనిషి నాలుగేళ్లు తిరక్కుండానే 199 ఇస్తున్నాడు. ఆ మనిషి వాడకం మారిందా అంటే లేదు. అదే కీప్యాడ్ ఫోను, అవే నాలుగు కాల్స్. అడగని డేటా వచ్చి మధ్యలో కూర్చుంది.

దీని మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జూలైలో, డేటా లేని ప్యాకులు విడిగా ఉండాలా అని జనం అభిప్రాయాలు అడిగింది. దేశంలో ఇంకా దాదాపు 15 కోట్ల మంది 2జీలోనే ఉన్నారని చర్చలో వచ్చింది. కంపెనీలు వద్దన్నాయి. డిసెంబర్ 23న ట్రాయ్ నిబంధన తెచ్చింది: ప్రతి కంపెనీ కాల్స్, ఎస్‌ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్ కనీసం ఒకటైనా పెట్టాలి. కాల్స్, డేటా లాంటి వాటికి వేసుకునే ప్రత్యేక ఓచర్ల గడువు అంతకుముందు 90 రోజులు దాటకూడదు, దాన్ని 365 రోజులకి పెంచారు.

ఇంతవరకూ బాగుంది. జనవరిలో ప్యాకులు వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో అంతకుముందు 84 రోజులకి 6 జీబీ డేటాతో 509 ప్యాక్ ఉండేది. అందులోంచి డేటా తీసేసి కాల్స్-ఓన్లీ అని 499కి పెట్టారు. ఆరు జీబీ తీసి పది రూపాయలు తగ్గించారన్నమాట! జియో కూడా 84 రోజులకి 6 జీబీతో 479 ఉన్నచోట డేటా లేకుండా 458 పెట్టింది. ఈ ప్యాకుల్ని పరిశీలిస్తాం అని ట్రాయ్ ప్రకటించాక, రోజుల వ్యవధిలోనే ఎయిర్‌టెల్ 469కి, జియో 448కి దిగాయి. ఏడాది ప్యాక్ ఎయిర్‌టెల్‌లో 1849, పూర్తిగా 365 రోజులు. జియోలో 1748, కానీ 336 రోజులే. ఈ తేడా గమనించండి. పైకి జియో నూరు రూపాయలు తక్కువలా కనిపిస్తుంది, రోజు లెక్కన చూస్తే ఎయిర్‌టెల్‌కి 5.07, జియోకి 5.20.

ఇక అమ్మగారి లెక్క. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. 299 ప్యాక్ 13 సార్లు అంటే 3,887. 189 అయితే 2,457. డేటా లేని 448 ప్యాక్‌తో ఏడాది గడిపితే సుమారు 1,950. అంటే డేటా బొత్తిగా లేని ప్యాక్‌కీ నెలకి 2 జీబీ వచ్చే ప్యాక్‌కీ ఏడాదికి అయిదొందల తేడా. 189కీ 299కీ మధ్య తేడా 1,430.

వీడియో కాల్ కావాలి కాబట్టి రీచార్జ్ షాపు తమ్ముడు చెప్పిన 189తోనే నేనూ ఏకీభవిస్తున్నాను.


నల్లమల
2025 ఫిబ్రవరి 9, ఉదయం 11:02

పెన్నా ఒడ్డు గారు, మీ లెక్క చదివాక కడుపు మండుతోంది. మా నాన్నకి 71 ఏళ్లు. నెల నెలా పెన్షన్ వచ్చినప్పుడు ముందుగా ఫోను రీచార్జ్ పక్కన పెడతాడు, ఆ తర్వాతే బీపీ మాత్రలు. ఆయన జీవితంలో ఒక్క ఎంబీ వాడలేదు. డేటా లేని ప్యాక్ అంటే సగం ధరకి వస్తుందని మేం అనుకున్నాం. నలభై రూపాయల తగ్గింపు కోసమా ఇంత నిబంధన?


మూసీ
2025 ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:40

నేను కొంచెం అవతలి పక్షాన మాట్లాడతాను, కోప్పడకండి.

2016కి ముందు 1 జీబీ 3జీ డేటాకి 250 రూపాయల దాకా కట్టాం. నిమిషానికి ఇంత అని కాల్స్‌కి కట్టాం. ఇవాళ కాల్స్ ఎంతైనా మాట్లాడుకోవచ్చు. కంపెనీకి మొత్తం ఖర్చు టవర్లు, స్పెక్ట్రమ్ (సిగ్నల్ తరంగాల హక్కు), కరెంటు. మీరు డేటా వాడినా వాడకపోయినా మీ ఊరి టవర్ నడవాల్సిందే. డిసెంబర్‌తో ముగిసిన మూడు నెలల్లో ఒక్కో కస్టమర్ మీద సగటు ఆదాయం ఎయిర్‌టెల్‌కి నెలకి 245, జియోకి 203. అమెరికాలో ఒక్క లైనుకి కట్టే దానితో పోల్చి చూడండి. డేటా తీసేస్తే సగం ధర అవ్వాలనుకోవడం న్యాయమే అనిపించొచ్చు కానీ, ప్యాక్‌లో అసలు ఖర్చు నెట్‌వర్క్‌దే.


పెన్నా ఒడ్డు
2025 ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2:25

మూసీ గారూ, కోపం ఎందుకండీ. మీరు చెప్పిన మొదటి సగం ఒప్పుకుంటాను. ఒక జీబీ ధర మన దేశంలో తక్కువే. కానీ ఆ చవక ఎవరికి? రోజుకి రెండు జీబీ వాడే కుర్రాడికి. నల్లమల గారి నాన్నగారు కట్టేది ఆ కుర్రాడి చవక కోసమే. సగటు ఆదాయం 245 అన్నారు. ఆ సగటులో వెయ్యి రూపాయల పోస్ట్‌పెయిడ్ వాళ్లూ ఉన్నారు, నెలంతా ఇరవై నిమిషాలు మాట్లాడే ముసలాయనా ఉన్నాడు. టవర్ ఖర్చు అందరికీ సమానం అనుకున్నా, టవర్ మీద వేసే బరువు సమానం కాదు కదా. 4జీ, 5జీ పెట్టుబడి అంతా డేటా కోసమే జరిగింది, 2జీలో మాట్లాడేవాడి కోసం కాదు.


మూసీ
2025 ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2:50

సరే, ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. కాల్స్-ఓన్లీ ధర ఇంకా తగ్గాలి అన్నది ఒప్పుకుంటాను. ఎంత తగ్గాలి అన్న దగ్గరే మన తేడా.


డాలస్ గోంగూర
2025 ఫిబ్రవరి 9, రాత్రి 8:36

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్తాను. “స్మార్ట్‌ఫోన్ కొంటే డేటా ప్లాన్ తప్పనిసరి” అన్న నియమం ఇక్కడ అక్షరాలా ఉండేది. 2008లో ఐఫోన్ 3జీ వచ్చినప్పుడు ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీలో 199 డాలర్లకే ఫోను ఇచ్చేవారు, రెండేళ్ల కాంట్రాక్టు మీద. దాంతో నెలకి 30 డాలర్ల డేటా ప్లాన్ తీసుకుని తీరాలి. కాల్స్‌కి, మెసేజ్‌లకి విడిగా మళ్లీ డబ్బులు. డేటాకే రెండేళ్లకి 720 డాలర్లు, ఫోను ధరకి మూడున్నర రెట్లు. 2010 జూన్‌లో దాన్ని మార్చి 200 ఎంబీకి 15, 2 జీబీకి 25 డాలర్లు చేశారు. తక్కువ వాడేవాళ్లకి కాస్త ఊపిరి ఆడింది, కానీ “తప్పనిసరి” మాత్రం పోలేదు. 2013 మార్చిలో టీ-మొబైల్ కాంట్రాక్టులు ఎత్తేశాక మెల్లగా ఫోను ధర వేరు, ప్లాన్ ధర వేరు అయ్యాయి.

ఇప్పుడు వేరే రూపంలో వచ్చింది. ఫోను ఉచితం అంటారు. దాని ధరని 36 ముక్కలు చేసి నెల నెలా బిల్లులో తగ్గిస్తారు. అందుకు పై స్థాయి అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో ఉండాలి. మధ్యలో వెళ్లిపోతే ఆ తగ్గింపు ఆగిపోయి, మిగిలిన ఫోను ధర ఒకేసారి మీద పడుతుంది. కొత్తగా వచ్చే మన పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే: ఇండియా నుంచి ఏ కంపెనీ సిమ్ అయినా పనిచేసే అన్‌లాక్ ఫోను తెచ్చుకోండి, ఇక్కడ నెలకి పదిహేను డాలర్ల స్థాయి ప్రీపెయిడ్ చూసుకోండి. ఉచితం ఫోను కోసం మూడేళ్లు కట్టుబడకండి.

ఇండియాలో ఎక్కువగా ఫోను వేరు, సిమ్ము వేరు అన్న పద్ధతే నడిచింది. అది మామూలు విషయం కాదు. మీ దగ్గర షాపువాడు “తప్పనిసరి” అన్నా మీరు కాదనగలుగుతున్నారంటే అందుకే.


ఓరుగల్లు రీచార్జ్
2025 ఫిబ్రవరి 9, రాత్రి 9:04

డాలస్ అన్నా, ఇక్కడ కూడా ఒకసారి వచ్చింది అట్లాంటిది. 2021 దీపావళికి జియోఫోన్ నెక్స్ట్ వచ్చినప్పుడు నగదు ధర 6,499. వాయిదాల మీద అయితే ముందు 1,999, ప్రాసెసింగ్ అని ఇంకో 501, ఆ తర్వాత 24 నెలలు నెలకి 300 నుంచి ప్లాన్లు. డేటా, కాల్స్ ఆ వాయిదాలోనే కలిపిండ్రు. ఆ 300 ప్లాన్ తీసుకుంటే అన్నీ కలిపి 9,700. దాంట్లో నెలకి 5 జీబీ, 100 నిమిషాల కాల్స్. వంద నిమిషాలు! రోజుకి మూడు నిమిషాలు. మా దగ్గరికి వచ్చి అడిగినోళ్లకి నేను లెక్క కాగితం మీద రాసి చూపించిన. కొందరికి చేతిలో ఆరువేలు ఒకేసారి లేక తీసుకున్నరు, వాళ్లని తప్పు పట్టలేం.


కువైట్ కడప
2025 ఫిబ్రవరి 10, తెల్లవారుజామున 1:15

నమస్తే. నాది రాజంపేట పక్కన, కువైట్‌లో డ్రైవరుగా ఉన్నా. మీరంతా డేటా వద్దు కాల్స్ చాలు అంటున్నారు, మాది తలకిందుల కథ.

మా ఇంట్లో నా భార్యకి మామూలు కాల్స్‌తో పనే లేదు. నాతో మాట్లాడేదంతా వాట్సాప్‌లోనే. పిల్లల చదువు, అమ్మ ఆస్పత్రి, ఇంటి పని అన్నీ వీడియోలోనే చూపిస్తుంది. మాకు డేటా కావాలి, కాల్స్ వద్దు. కానీ కాల్స్ కలిసిన బేస్ ప్యాక్ లేకుండా ఉత్త డేటా మాత్రం ఏడాదికి ఇమ్మంటే దొరకదు. అందుకే ఊళ్లో ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించినా. ఇద్దరు పిల్లల చదువు, టీవీ, వాట్సాప్ అన్నీ దాని మీదే. భార్య ఫోన్‌లో చిన్న ప్యాక్.

ఇంకో సంగతి. ఇండియా నంబరు నా దగ్గర కూడా ఒకటుంది, బ్యాంకు ఓటీపీల కోసం. దాన్ని బతికించుకోవడానికే ఇన్నాళ్లూ ఏడాదికి రెండు వేలు దాకా పోసినా. ఈ 1849 ప్యాక్ సంగతి ఇప్పుడే చూస్తున్నా, మా రూములో నలుగురికీ పనికొస్తుంది.


టవర్ మనిషి
2025 ఫిబ్రవరి 10, ఉదయం 8:20

కువైట్ తమ్ముడూ, ఓటీపీ కోసం మాత్రమే నంబరు ఉంచుకునేవాళ్లు ఒక నిబంధన తెలుసుకోవాలి. ప్రీపెయిడ్ నంబరుని 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటేనే రద్దు చేయాలి. 90 రోజులు దాటినా బ్యాలెన్స్‌లో 20 రూపాయలో అంతకన్నా ఎక్కువో ఉంటే, 20 కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలి. ఇది 2013 నుంచీ ఉన్న ట్రాయ్ నిబంధన. కానీ నంబరు ఉండటం వేరు, మెసేజ్ రావడం వేరు. ప్యాక్ గడువు అయిపోయాక కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తారు. ఓటీపీ రావాలంటే ప్యాక్ నడుస్తూ ఉండాలి. ఇరవై రూపాయల నిబంధనని నమ్ముకుని బ్యాంకు పని పెట్టుకోవద్దు.


అంగన్‌వాడీ అక్క
2025 ఫిబ్రవరి 10, సాయంత్రం 6:45

చాలా రోజులుగా చదువుతున్నా, ఇవాళ రాయాలనిపించింది. మాకు డేటా ప్యాక్ నిజంగానే తప్పనిసరి, కంపెనీ వల్ల కాదు, ఉద్యోగం వల్ల. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. పిల్లల హాజరు, బరువు, ఎత్తు అన్నీ ఫోన్లోనే ఎక్కించాలి. ఫోటోలు కూడా. నెట్ లేదంటే పని చేయనట్టే లెక్క. మా ఊళ్లో సిగ్నల్ సరిగా రాదు. పొద్దున పది గంటలకి సెంటర్ బయట చింతచెట్టు కింద నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుంటే చక్రం తిరుగుతూ ఉంటుంది, పిల్లలు లోపల గొడవ చేస్తుంటారు. అప్పటికి రోజువారీ డేటాలో వంద ఎంబీ కూడా అవ్వదు. మిగిలిందంతా రాత్రి పన్నెండుకి పోతుంది. ఆ మిగిలిన డేటా మర్నాటికి రాదు. ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలి?


పెన్నా ఒడ్డు
2025 ఫిబ్రవరి 10, రాత్రి 7:30

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. రోజువారీ కోటా అనేది మీలాంటివాళ్లకి బొత్తిగా నప్పదు. రోజుకి వంద ఎంబీ అంటే నెలకి 3 జీబీ లోపే. రోజుకి ఇంత అని కాకుండా గడువు మొత్తానికి ఇన్ని జీబీలు అని ఉండే ప్యాక్ అడగండి. 189లో ఉన్న 2 జీబీ అలాంటిదే, ఒక రోజు వాడకపోయినా ఎక్కడికీ పోదు. చాలని నెలలో విడిగా డేటా ఓచర్ వేసుకోవచ్చు. అయితే ఓచర్ గడువు చూసుకోండి. జియోలో 19 రూపాయల 1 జీబీ ఓచర్ ఒక్క రోజుకే, 29 ఓచర్ రెండు రోజులకే. ఇదివరకు ప్యాక్ ఉన్నన్నాళ్లూ ఉండేవి, ఇప్పుడు లేదు.


అంగన్‌వాడీ అక్క
2025 ఫిబ్రవరి 10, రాత్రి 7:52

రోజువారీ కాకుండా మొత్తంగా వచ్చేవి ఉన్నాయని ఇన్నాళ్లూ తెలియదు సార్. మా సెక్టార్ మీటింగ్‌లో అందరికీ చెప్తాను.


వేపచెట్టు
2025 ఫిబ్రవరి 10, రాత్రి 9:18

ప్యాకుల గొడవలో ఫోను మర్చిపోయాం. గుండ్లకమ్మ గారూ, ఎనిమిది వేలకి కాస్త అటూ ఇటూగా 5జీ అని చెప్పి రెడ్‌మీ ఏ4, పోకో సీ75 అమ్ముతున్నారు. ఫోన్లు మంచివే. కానీ వాటిలో 5జీ అంటే ఎస్‌ఏ రకం (4జీ ఆసరా లేకుండా నడిచేది) మాత్రమే. అది జియో వాడే పద్ధతి. ఎయిర్‌టెల్ 5జీ ఎక్కువగా ఎన్‌ఎస్‌ఏ రకం (4జీ ఆసరాతో నడిచేది), ఈ రెండు ఫోన్లలో అది రాదు, 4జీ మాత్రమే వస్తుంది. రేపు అమ్మగారి సిమ్ ఎయిర్‌టెల్‌కి మార్చాలనుకుంటే 5జీ కోసం ఎక్కువ పెట్టింది వృథా. పైగా అన్‌లిమిటెడ్ 5జీ కావాలంటే జియోలో రోజుకి 2 జీబీ ప్యాక్ ఉండాలి, 28 రోజులకి 349. 189 ప్యాక్ వేసే ఫోనుకి 5జీ ఎందుకు?

గత నెలలో మోటో జీ05 వచ్చింది, 6,999. 4జీనే, బ్యాటరీ 5200, తెర పెద్దది, అక్షరాలు పెద్దగా పెట్టి ఇవ్వొచ్చు. పెద్దవాళ్లకి అది చాలు.

ఫోను ఇచ్చే ముందు మీ చేత్తో ఈ మార్పులు చేయండి. ప్లేస్టోర్‌లో యాప్ అప్‌డేట్లు వైఫైలోనే అని పెట్టండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిచి, మొబైల్ డేటాలో ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా గుర్తులు తీసేయండి. ఊరి గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, వీడియోలే 2 జీబీని పది రోజుల్లో తినేస్తాయి. అక్కడే కాల్స్‌కి తక్కువ డేటా వాడమనే బటన్ కూడా ఉంటుంది, అది ఆన్ చేయండి. యూట్యూబ్‌లో నాణ్యతని డేటా సేవర్‌కి మార్చండి. ఫోను డేటా సేవర్ ఎలాగూ ఉంది.


నల్లమల
2025 ఫిబ్రవరి 10, రాత్రి 9:40

వేపచెట్టు గారూ, ఒక్క సందేహం. మా నాన్నకి కాల్స్-ఓన్లీ వేసి ఫోన్‌పే పెట్టొచ్చా? కిరాణా షాపులో చిల్లర గోల తప్పుతుందని ఆలోచన.


వేపచెట్టు
2025 ఫిబ్రవరి 10, రాత్రి 9:55

ఇంట్లో వైఫై ఉంటే ఇంట్లో పనిచేస్తుంది, కిరాణా షాపు దగ్గర చేయదు. బయట కట్టాలంటే కొంచెమైనా డేటా ఉండాలి. నెట్ లేకుండా *99# కొట్టి యూపీఐ చేయొచ్చు, ఒకసారికి 5,000 దాకా. కానీ ఆ మెనూలో అంకెలు నొక్కుకుంటూ వెళ్లాలి, మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటి నుంచి. 71 ఏళ్ల పెద్దాయనకి అది నేను చెప్పను. ఆయన నగదు ఇచ్చుకోవడమే హాయి. మీ నాన్నగారికి 1849 ఏడాది ప్యాక్ వేసేయండి, నెల నెలా పెన్షన్ డబ్బుల్లోంచి తీసి పెట్టుకునే టెన్షన్ అయినా తప్పుతుంది.


నల్లమల
2025 ఫిబ్రవరి 10, రాత్రి 10:03

ఒకేసారి 1849 నేనే కడతానులెండి. ఆయనతో చెప్తే వద్దంటాడు, చెప్పకుండా వేసేస్తా.


గుండ్లకమ్మ
2025 ఫిబ్రవరి 12, సాయంత్రం 5:30

అందరికీ ధన్యవాదాలు. మోటో తీసుకున్నాం. అదే షాపులో తీసుకోలేదు, ఒంగోలులో వేరేచోట. 189 నేనే ఇక్కడి నుంచి వేశాను. వేపచెట్టు గారు చెప్పిన మార్పులన్నీ మా అక్క చేసింది. అమ్మకి అక్షరాలు పెద్దవి చేశాక పేర్లు చదవగలుగుతోంది. ఇదివరకు అంకెలు గుర్తుపెట్టుకుని నొక్కేది. డేటా బటన్ ఎక్కడుందో నేర్పించాం. వీడియో కాల్ అప్పుడు ఆన్ చేసి, అయిపోయాక ఆపేస్తోంది. అలా ఆపకపోయినా ఫర్వాలేదని చెప్పాను, కానీ లైటు ఆర్పినట్టు ఆర్పేస్తోంది.


శబరి
2025 ఫిబ్రవరి 12, రాత్రి 8:10

అన్నలూ, నాది చింతూరు వైపు. మా దగ్గర ఒక కంపెనీ టవరే సరిగ్గా అందుతుంది, నా సిమ్ వేరే కంపెనీది. నంబరు మార్చకుండా కంపెనీ మార్చాలంటే ఎలా? ప్యాక్ ఇంకా నెలన్నర ఉంది. అన్న ఒకడు ఆ డబ్బులు కొత్త కంపెనీకి వస్తాయన్నాడు.


టవర్ మనిషి
2025 ఫిబ్రవరి 12, రాత్రి 8:44

రావు తమ్ముడూ. పోర్ట్ అయితే, అంటే అదే నంబరుతో కంపెనీ మారితే, పాత ప్యాక్, బ్యాలెన్స్ రెండూ పోతాయి. తొందర లేకపోతే గడువు చివరి వారం దాకా ఆగు. సిమ్ తీసుకుని 90 రోజులు నిండి ఉండాలి. ఈమధ్య సిమ్ పోయి కొత్తది మార్చుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి, ఇది పోయిన జూలై నుంచి వచ్చిన నిబంధన.

ఆ తర్వాత నీ ఫోన్లో మెసేజ్ తెరిచి, పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, నీ పదంకెల నంబరు కొట్టి 1900కి పంపు. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. మీ ఊళ్లో సిగ్నల్ సరిగా లేదు కాబట్టి చింతూరు సెంటర్‌కి వచ్చాకే ఆ మెసేజ్ పంపు, కోడ్ రాగానే ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకి వెళ్లు. కోడ్ ఎవరికీ ఫోన్లో చెప్పొద్దు. మూడు పనిదినాల్లో మారుతుంది. మారే రోజు పాత సిమ్‌లో సిగ్నల్ పోతుంది, అప్పుడు కొత్తది వేసుకో. నంబరు బ్యాంకుకి కలిపి ఉంటే ఆ ఒక్కరోజు డబ్బు పనులేమీ పెట్టుకోకు.


శబరి
2025 ఫిబ్రవరి 12, రాత్రి 9:02

మా వారపు సంత బుధవారం. వచ్చే బుధవారం చింతూరు వచ్చినప్పుడు చేస్తాను. కొత్త కంపెనీలో 84 రోజులది వేయించుకుంటే సరా, లేక ముందు 28 వేసి చూడమంటారా?


ఓరుగల్లు రీచార్జ్
2025 ఫిబ్రవరి 12, రాత్రి 9:20

ముందు 28దే వెయ్యి తమ్మీ. ఇంట్లో, పొలం కాడ, బడి కాడ సిగ్నల్ ఎట్లుందో ఒక నెల చూస్కో. బాగుంటే అప్పుడు 84కి పో.